ఆరో రేకు

పచ్చబొట్టు యంత్రం మొదలవగానే గడియారం వైపు చూశాను. రెండు. రెండింటికి ఎడమ పక్క, నాలుగింటికి వెల్లకిలా, ఆరింటికి కుడి పక్క. అత్తయ్య పోయి ఏడు వారాలైంది, ఫ్రిజ్ తలుపుకి అతికించిన ఆ పట్టికను నా చేత్తోనే చింపేశాను, అయినా ఆ సంగతి నా ఒంటికి ఎవరూ చెప్పినట్టు లేదు. మొన్న కూరగాయల కొట్లో బెండకాయలు ఏరుతూ ఏరుతూ చేతులు దులుపుకుని ఇంటిదారి పట్టాను, సగం దూరం వచ్చాక గానీ గుర్తు రాలేదు, తిప్పాల్సిన మనిషి లేదని. బుట్ట కొట్లోనే ఉండిపోయింది. వెనక్కి వెళ్లే ఓపిక లేక ఆ పూటకి గుడ్లతో సరిపెట్టాను. ఇప్పుడీ యంత్రం చప్పుడు కూడా తెలిసిన చప్పుడే. అత్తయ్య మంచం కింద తొమ్మిదేళ్లు రాత్రింబవళ్లు గొణిగిన గాలి పరుపు మోటారు ఇలాగే ఉండేది. పడుకుని పడుకుని వీపు పుండ్లు పడకుండా ఒకచోట గాలి నింపి ఒకచోట తీసే పరుపు అది. దాన్ని ఆపేసిన రోజు ఇల్లు ఎంత నిశ్శబ్దమైపోయిందంటే, మా ఆయన టీవీ పెట్టుకుని చూడకుండా కూర్చున్నారు. కింద కళ్లద్దాల కొట్టు, పైన ఈ గది. పళ్ల డాక్టరు దగ్గర ఉండేలాంటి వాలుకుర్చీలో నా ఆడపడుచు పడుకుని ఉంది, ప్లాస్టిక్ కాగితం చుట్టిన దిండు మీద ఎడమ చెయ్యి చాపి. మోచేతికీ మణికట్టుకీ మధ్య, లోపలి వైపు, ఊదారంగు గీతల్లో ఆరు రేకుల పువ్వు. అది అచ్చు మాత్రమే, తడి దూదితో తుడిస్తే పోతుంది. ఆ పువ్వు గీసింది నేను. అందులో ఒక అబద్ధం ఉంది. ఆ సంగతి ఈ గదిలో నాకొక్కదానికే తెలుసు, ఇంకో గంటలో అది తన చర్మంలోకి దిగిపోతుంది.

"వదినా, పట్టుకో," అంది కుడి చెయ్యి నా వైపు చాపి. తనని ఇంట్లో అందరం పిచ్చుక అంటాం. చిన్నప్పుడు ఒకచోట కూర్చుని తినకుండా, నిలబడి నాలుగు మెతుకులు పొడుచుకుని ఎగిరిపోయేదని అత్తయ్య పెట్టిన పేరు. నలభై మూడేళ్లొచ్చినా అంతే, వచ్చిందంటే చెప్పులు విప్పకముందే వెళ్లే టైము చెబుతుంది. ఆసుపత్రి ల్యాబులో రక్తం తీసే ఉద్యోగం. "రోజుకి వందమందికి సూదులు గుచ్చుతావు, నీకు భయమేమిటే?" అన్నాను. "గుచ్చేవాళ్లకే తెలుస్తుంది వదినా దాని సంగతి. అటు తిరగండి, చీమ కుట్టినట్టు ఉంటుంది అని రోజుకి వంద అబద్ధాలు చెప్పేదాన్ని, నాకెవరు చెప్తే నమ్ముతాను?" యంత్రం పట్టుకున్న మనిషి నవ్వాడు. నలభై అయిదు దాటిన వాడు, ముక్కు చివర చత్వారం అద్దాలు. ఒకప్పుడు కొట్ల బోర్డులు, లారీల వెనక రాతలు రాసేవాడట. ప్లాస్టిక్ బోర్డులొచ్చి ఆ పని పోయాక చర్మం మీదికి మారాడు. ఇప్పటికీ తనని పెయింటరనే పిలవమంటాడు. "గోడకీ మనిషికీ ఒకటే తేడా మేడమ్. గోడ మధ్యలో లేచి నీళ్లు తాగొస్తానని అనదు," అని, చేతిని దిండుకి ఆనించి, ఎడమ చేతి రెండు వేళ్లతో చర్మాన్ని సాగదీసి పట్టుకున్నాడు. రెండు వేళ్లు. బొటనవేలు, చూపుడువేలు. నేను కళ్లు తిప్పుకున్నాను.

కింది రేకు నుంచి మొదలుపెట్టాడు. పైనుంచి వేస్తే చెయ్యి ఆని కింది అచ్చు చెరిగిపోతుందట. ఒక్కో రేకుకీ రెండు గీతలు, నడిమి నుంచి కొన దాకా వెళ్లే గీత, కొన నుంచి తిరిగి నడిమికి వచ్చే గీత. నా పెన్సిలు కూడా పొద్దున అలాగే నడిచింది. భోజనాల బల్ల మీద, ఆయన తిన్న కంచం పక్కకి జరిపి, కరెంటు బిల్లు వెనక ఖాళీ చోట. "అమ్మ చేతి మీది పువ్వు గీసిపెట్టు వదినా, నీకు తప్ప ఎవరికీ సరిగ్గా తెలీదు," అని పిచ్చుక పక్కనే నిలబడి అరటిపండు తింటోంది. అయిదు రేకులు చకచకా వచ్చేశాయి. నేను ఏ పనైనా చూసి చెయ్యను, చేతికి అలవాటైతే చాలు, ఆ పువ్వు నా చేతికి అలవాటే. ఆరో రేకు దగ్గర పెన్సిలు కొన దాకా వెళ్లి ఆగింది. ఆగాలి కూడా, ఎందుకంటే అసలు పువ్వు అక్కడే ఆగిపోయింది. అత్తయ్య చేతి మీద ఆరో రేకుకి వెళ్లిన గీతే ఉంది, తిరిగొచ్చిన గీత లేదు. నేను ఒక్క క్షణం ఆగి, గీత వెనక్కి తెచ్చి నడిమిలో కలిపేశాను. పిచ్చుక అరటి తొక్క చెత్తబుట్టలో పడేసి, "అబ్బ, అచ్చం ఇదే," అంది. ఎందుకు కలిపానో నాకు అప్పుడు తెలియదు. చేతి వేగంలో అనుకున్నాను. ఆటోలో వస్తున్నంతసేపూ, చేతి వేగంలో, చేతి వేగంలో అని అనుకుంటూనే వచ్చాను.

బల్ల మీద ఒక పెద్ద పుస్తకం ఉంది, ప్లాస్టిక్ కవర్లలో పువ్వుల బొమ్మలు. చదవడానికి ఇంకేమీ లేక తిప్పుతున్నాను. గులాబీకి మందారం ఆకులు పెట్టారు. లిల్లీకి అయిదు రేకులే. పొద్దుతిరుగుడు కాడకి ముళ్లు. ఎవరో డబ్బిచ్చి, నొప్పి పడి, ముళ్ల పొద్దుతిరుగుడుని జీవితాంతం వీపు మీద మోస్తుంటారు, చూసుకోవడానికి కూడా వీల్లేదు కాబట్టి సుఖంగానే ఉంటారు. నా మొహం ఎలా పెట్టానో ఏమో, పెయింటరు తలెత్తకుండానే, "మీరు టీచరామ్మా?" అన్నాడు. అతనికి పిచ్చుక మేడమ్, నేను అమ్మ. "కాదు, ఇంట్లోనే ఉంటాను." "మా వదిన బోటనీ," అంది పిచ్చుక పళ్ల బిగువున. "ఆవిడ ముందు పువ్వు తప్పు వేశావంటే రికార్డు చింపేస్తుంది." "అయితే జాగ్రత్తగా ఉండాలి," అన్నాడతను. రెండో రేకు. ఈ పువ్వులకన్నిటికీ అర్థాలున్నాయా అని అడిగాను, ఏదో ఒకటి మాట్లాడకపోతే నిద్రపోతానని భయమేసి. ఈ మధ్య ఎక్కడ కూర్చుంటే అక్కడ నిద్రపోతున్నాను, మంచమెక్కితే మాత్రం రాదు. "అడిగినవాళ్లకి ఉంటాయమ్మా. గులాబీ అంటే ప్రేమ. తామర అంటే బురదలోంచి పైకొచ్చానని. పొద్దుతిరుగుడు అంటే ధైర్యం. మొదట్లో ఫోన్లో చూసి నేర్చుకున్నాను. తర్వాత నేనే చెప్పడం మొదలుపెట్టాను. ఒకాయన గడ్డిపువ్వు కావాలన్నాడు, దీనికి అర్థమేంటన్నాడు. ఎంత తొక్కినా లేస్తుందని చెప్పాను. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు పాపం, బస్సు డ్రైవరు." మళ్లీ సూది సిరాలో ముంచాడు. "నిజం చెప్పాలంటే నేను వేసే పువ్వుల్లో సగం పేర్లు దాచడానికే. కుర్రతనంలో ఎవరిదో పేరు రాయించుకుంటారు, తర్వాత ఇంకెవరితోనో పెళ్లవుతుంది. గులాబీ వేశామంటే ఏ అక్షరమైనా రేకుల మధ్య ఇట్టే ఇమిడిపోతుంది. అందుకే గులాబీకి అంత గిరాకీ. ప్రేమా లేదు దోమా లేదు." పిచ్చుక నవ్వబోయి కదిలింది, అతను యంత్రం పైకెత్తి, గోడ అయితే నవ్వదు మేడమ్ అన్నాడు. నాకు నవ్వు రాలేదు. దాచడానికే పువ్వయితే, నేను తిప్పి తెచ్చిన ఆ ఒక్క గీత దేన్ని దాస్తోంది?

అత్తయ్య ఒళ్లు తుడిచేటప్పుడు చేతులు చివర్న తుడిచేదాన్ని. మొహం, మెడ, చంకలు, వీపు, కాళ్లు, తర్వాత చేతులు. చేతుల దగ్గరికొచ్చేసరికి గోరువెచ్చటి నీళ్లు చల్లారిపోయేవి, అందుకే త్వరత్వరగా కానిచ్చేదాన్ని. ఆ వయసు చర్మం తడిసిన ఉల్లిపొర లాంటిది, గట్టిగా తుడిస్తే లేచొస్తుంది, తుడవకపోతే మడతల్లో పాచిపోతుంది. ఎడమ చేతి లోపలి వైపు పచ్చగా, నీలంగా, ముద్దగా ఏదో పువ్వని అందరికీ తెలుసు. దాన్ని ఎవరూ ఎప్పుడూ సరిగ్గా చూసింది లేదు, ఇంట్లో గోడ మీద పాత క్యాలెండరుని ఎవరు చూస్తారు? రెండో ఏడు, ఆవిడకి ఇంకా మాటా తెలివీ ఉన్నప్పుడు, ఒకరోజు మడతలు తుడవడానికి చర్మాన్ని బొటనవేలితో చూపుడువేలితో సాగదీశాను. పువ్వు విచ్చుకుంది. సాగదీస్తే తప్ప కనపడని రేకులు, నడిమిలో ఏడు చుక్కలు. "అత్తయ్యా, ఇక్కడ సగమే ఉంది," అన్నాను. ఆవిడ కళ్లు తెరిచి నన్ను చూసింది, దొంగతనం బయటపడ్డ పిల్లలా. "కనిపెట్టేశావా?" అంది. తర్వాత చెప్పింది. పదమూడేళ్లప్పుడు, వాకిట్లో మెట్ల మీద, మూడు సూదులు దారంతో కట్టి పొడిచే ఆవిడ. మొదట అక్కకి, తర్వాత తనకి. ఆరో రేకు కొన దగ్గరికొచ్చేసరికి నాన్న సైకిలు గంట వినపడింది. చెయ్యి లాక్కుని పరిగెత్తింది. భోజనం చేస్తున్నంతసేపూ ఎడమ చెయ్యి వీపు వెనకే. మర్నాడు మిగతాది వేయించుకుందామని వెళ్తే సూదులావిడ వేరే ఊరికి వెళ్లిపోయింది. "అసలు సంగతి ఏంటంటే, మా నాన్న చూశాడే. చూసి ఏమీ అనలేదు. అనడని తెలిస్తే పూర్తి చేయించుకునేదాన్ని కదా." అంటూ నవ్వింది. నవ్వి, "పిల్లలకి చెప్పకు. నవ్వుతారు. వాళ్లకి ఆరు రేకులనే చెప్పాను," అంది. చెప్పలేదు. ఆయనకి కూడా చెప్పలేదు. అదిగో, మాట ఇచ్చాను కాబట్టే పొద్దున గీత కలిపాను, అంతే కదా, ఆవిడ గుట్టు ఆవిడ కూతురి చేతి మీద బయటపెట్టలేక. ఎంత బాగా కుదిరిందో. ఇస్త్రీ చేసిన దుప్పటిలా ఒక్క మడత లేదు. నాకెప్పుడూ అలాంటి వాటి మీదే అనుమానం.

మూడో రేకు. పిచ్చుక వేళ్లు నా వేళ్లని నలిపేస్తున్నాయి. బలమైన వేళ్లు, ఎవరి చేతిలోనైనా నరాన్ని తడిమి పట్టుకునే వేళ్లు. ల్యాబులో తనకి పేరు, పసిపిల్లలకి నరం దొరక్కపోతే తననే పిలుస్తారు. అలాంటిది, నాలుగేళ్ల కింద అత్తయ్యకి పరీక్షలు రాస్తే, నేనే తీస్తాను ఎవరూ వద్దు అని సంచి వేసుకుని వచ్చి, పట్టీ బిగించి, ఎడమ చేతికి రెండుసార్లు, కుడి చేతికి రెండుసార్లు గుచ్చి, దొరక్క, స్నానాలగదిలోకి వెళ్లి కుళాయి తిప్పుకుని ఏడ్చింది. బయటికొచ్చాక, "కుడి చెయ్యి, బొటనవేలి పైన, మణికట్టు పక్కన చూడు," అన్నాను. ఒక్కసారికే వచ్చింది. వచ్చినందుకు సంతోషించాల్సింది పోయి నాలో ఏదో మూల చిన్న దీపం వెలిగింది, చూశావా, మీ అమ్మ నరం ఎక్కడుందో నాకు తెలుసు అని. నీచమైన సంగతే, అయినా అబద్ధం ఎందుకు, ఆ దీపం వెలుగులోనే రెండేళ్లు నడిచాను. తను మూడు నెలలకోసారి వచ్చేది, డైపర్ల కట్టలు, మెత్తటి తువ్వాళ్లు తెచ్చేది, తల్లి నుదుటి మీద ముద్దు పెట్టి, బస్సు టైమైందని వెళ్లిపోయేది. నేను ఉండిపోయేదాన్ని. ఎవరి తప్పూ లేదు. తనకి ఉద్యోగం, పిల్లలు, వేరే ఊరు, నాకు ఇల్లు. కానీ పోయిన రోజు తను నా భుజం మీద పడి, "అమ్మ చెయ్యి గుర్తు రావట్లేదు వదినా, మొహం గుర్తొస్తోంది, చెయ్యి రావట్లేదు," అన్నప్పుడు నా దగ్గర ఏదో ఉందని, తన దగ్గర లేదని తెలిసింది. ఫోటోలన్నీ వెతికారు, అన్నాచెల్లెళ్లిద్దరూ. ప్రతి ఫోటోలోనూ ఆవిడ ఎడమ చెయ్యి కొంగు కిందే. ఒక్కదాంట్లో కూడా లేదు. అప్పుడు ఇద్దరూ నా వైపు తిరిగారు. తొమ్మిదేళ్లలో మొదటిసారి, నాకు తెలిసింది ఏదో వాళ్లకి కావాల్సొచ్చింది. సగం రేకు నా దగ్గరే ఉంచుకున్నాను. అదీ సంగతి. ఇచ్చిన మాటా కాదు, చేతి వేగమూ కాదు. ఇంత చాకిరీ చేసినదానికి మిగిలింది అదొక్కటే అనిపించింది, అది కూడా ఇచ్చేస్తే ఇంక నా దగ్గర ఏముంటుంది?

"మేడమ్, వేళ్లు బిగించకండి, నరాలు పైకి లేస్తున్నాయి." నాలుగో రేకు. నలుపు సిరా, పిచ్చుక పచ్చ కావాలంటే వద్దన్నాడు, పచ్చదనం నేను వెయ్యక్కర్లేదు మేడమ్, ముప్పై ఏళ్లకి అదే వస్తుంది అని. కళ్లు మూతలు పడుతున్నాయి. కాలేజీ ల్యాబులో పొడుగాటి చెక్క బల్లలు, బ్లేడుతో నిలువునా కోసిన మందారం, భూతద్దం. పుష్పమంటే ఏమిటి? రూపం మారిన కొమ్మ. పెరగడం ఆపేసిన కొమ్మ. మామూలు కొమ్మ పెరుగుతూనే ఉంటుంది, పువ్వుగా మారిన కొమ్మ ఇంక పెరగదు, ఉన్నదంతా ఒకచోట దగ్గరికి చేర్చుకుని విచ్చుకుంటుంది, అంతే. పందొమ్మిదేళ్లప్పుడు ఆ వాక్యం రాస్తుంటే బాధగా ఏమీ అనిపించలేదు, అయిదు మార్కుల ప్రశ్న. ఒకసారి పురుగు కొరికిన పువ్వు నా వంతుకొస్తే, పక్క అమ్మాయి పువ్వు చూసి రేకు పూర్తిగా గీశాను. లెక్చరరు గారు ఆ కాగితం మడిచి నా చేతిలో పెట్టారు. "ఉన్నది గీయమ్మా. ఉండాల్సింది కాదు. ఉండాల్సింది పుస్తకంలో ఎలాగూ ఉంది," అన్నారు. ఆవిడ గొంతు పెంచలేదు. అప్పట్నుంచీ నేను లేనిదాన్ని ఉందని చెప్పింది లేదు, మా ఇంట్లో ఉప్పు ఎక్కువైన రోజు నేనే ముందు చెబుతాను. కానీ ఒక విషయంలో మూడేళ్లు రోజూ అబద్ధం చెప్పాను, ఆ అబద్ధాలే నేను చేసిన పనుల్లోకల్లా మంచి పని అనుకుంటున్నాను.

ఆరో ఏట అత్తయ్యకి మతి తప్పడం మొదలైంది. మొదట రోజులు పోయాయి, తర్వాత మనుషులు, తర్వాత సొంత పేరు. నేనెవరో తెలియదు, ఆయనెవరో తెలియదు, పిచ్చుక వస్తే ఆసుపత్రి నుంచి ఎవరో వచ్చారని చెయ్యి చాపేది. కానీ రోజూ పొద్దున్నే, ఒళ్లు తుడవడం అయిపోయి, తువ్వాలు ఆరేసి వచ్చేసరికి, ఆవిడ కుడి చూపుడువేలు ఎడమ చేతి మీద ఉండేది. "ఏం పువ్వే ఇది?" అనేది. మొదటి రోజు నాకు తెలియదన్నాను. మొహం చిన్నబోయింది. రెండో రోజు తామర అన్నాను. "అదే అనుకున్నా," అంది, ఎంతో తృప్తిగా, తను మర్చిపోలేదని ఋజువు దొరికినట్టు. మర్నాడు మళ్లీ అడిగింది. రోజూ తామరే చెప్పొచ్చు, ఆవిడకి ఎలాగూ గుర్తుండదు. నాకే మనసొప్పలేదు. అందుకని డిగ్రీలో చదువుకున్న వరసలో, మొక్కల కుటుంబం తర్వాత కుటుంబం, ఒక్కో రోజు ఒక్కో పువ్వు చెప్పడం మొదలుపెట్టాను. తామర, ఆవ, మందారం, నారింజ, చిక్కుడు, తంగేడు, గుమ్మడి, బంతి, గన్నేరు. వరస అయిపోతే మళ్లీ మొదటికి. ఇంట్లో ఎవరికీ తెలియని నా పరీక్ష అది, రోజుకో మార్కు. ప్రతిదానికీ ఆవిడ అదే అనుకున్నా అనేది. చెయ్యి సాగదీసి పట్టుకుని చూసి మరీ చెప్పేదాన్ని, లేకపోతే ఊరుకునేది కాదు. ఇప్పుడు తెలుస్తోంది, ఇక్కడ, ఈ ప్లాస్టిక్ కుర్చీలో. ఈ పెయింటరు చెప్పే అర్థాలు అన్నీ ఉంటే ఉండొచ్చు, ప్రేమా ధైర్యమూ బురదా. కానీ ఒంటి మీద పువ్వు ఉన్నది, ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని ఇదేంటి అని చూడటానికి. ఆవిడకి పువ్వు పేరుతో పనిలేదు. రోజు మొత్తం మీద తిప్పకుండా, తుడవకుండా, ఎత్తకుండా నేను ఆవిడని పట్టుకునేది ఆ ఒక్క నిమిషమే.

ఆ ఒక్క నిమిషం కూడా ఒకరోజు ఇవ్వలేకపోయాను. దానికి పెద్ద కారణం ఏమీ లేదు, పెద్ద కారణం ఉంటే బాగుండేది. ఆ పొద్దున పరుపు మోటారు ఆగిపోయింది, తెల్లారిన దగ్గర్నుంచి దాంతో కుస్తీ, రెండుసార్లు దుప్పట్లు మార్చాను, నడుము పట్టేసింది, పాలు పొంగి స్టవ్ మీద పడి మాడిన వాసన ఇల్లంతా. తువ్వాలు ఆరేసి వచ్చాను. వేలు పువ్వు మీద ఉంది. "ఏం పువ్వే ఇది?" ముందు రోజు ఉమ్మెత్త చెప్పాను. ఆ రోజు వరసలో కనకాంబరం. నోటి దాకా వచ్చింది కూడా. "పువ్వు లేదు ఏం లేదు, అదొక మరక," అన్నాను. అరవలేదు. మామూలుగానే అన్నాను, కూర అయిపోయింది అన్నట్టు. ఆవిడ వేలు తీసేసింది. ఎడమ చేతిని దుప్పటి కిందకి లాక్కుంది, మెల్లగా, తనంతట తనే, అప్పటికి ఆ చెయ్యి కదిలి నెలలైంది. మర్నాడు నేనే వెళ్లి చెయ్యి తీసి, అత్తయ్యా ఇది కనకాంబరం అన్నాను. కళ్లు మూసుకునే ఉంది. తర్వాత పదకొండు రోజులు ఉంది, అడగలేదు. డాక్టరు, మాట పడిపోయింది, అది జబ్బులో భాగమే అన్నాడు. మంచి డాక్టరు. నాకు మాత్రం ఏడు వారాలుగా ఒక పువ్వు పేరు నోట్లో అలాగే ఉంది, మింగడానికి లేదు, ఉమ్మడానికి లేదు.

"అయిదయ్యాయి, నడిమి చుక్కలు కూడా," అన్నాడు పెయింటరు, టిష్యూతో సిరా ఒత్తుతూ. పిచ్చుక తలెత్తి చూసుకుని, నీళ్లు అడిగింది. సీసా మూత తీసి నోటికి అందించాను. చెయ్యి తనంతట తనే తల కిందకి వెళ్లి ఎత్తి పట్టుకుంది, తను కూర్చుని తాగగలదన్న సంగతి మర్చిపోయి. "నేను పేషెంటుని కాను వదినా," అంది, కానీ తల నా అరచేతిలోనే ఉంచి తాగింది. "ఒకసారి గోడమీది అద్దంలో చూసుకుంటా... వద్దులే, అయ్యాకే చూస్తా. వదినా, అమ్మది ఇలాగే ఉండేదా?" కింద వీధిలో ఎవరో బండి తాళం పోయిందని గట్టిగా మాట్లాడుతున్నారు. నేను సీసా మూత బిగించాను, మళ్లీ విప్పాను, మళ్లీ బిగించాను. యంత్రం మొదలైంది. ఆరో రేకు. నడిమి నుంచి బయల్దేరింది గీత, వంపు తిరిగింది, కొన వైపు వెళ్తోంది. పదమూడేళ్ల పిల్ల మెట్ల మీద కూర్చుంది. సైకిలు ఇంకా వీధి మలుపులోనే ఉంది. వెళ్లిన గీత కొన చేరుతోంది. "ఆగండి," అన్నాను.

నా గొంతు నాకే గట్టిగా వినపడింది. అతను పెడలు మీంచి కాలు తీసేశాడు. గది ఒక్కసారిగా ఖాళీ అయినట్టయింది. "నొప్పి నాకు వదినా, ఆపమనాల్సింది నేను," అంది పిచ్చుక. "అక్కడితో అయిపోయింది. అమ్మది అంతే ఉంది." "అంతేనంటే? సగమేగా అయింది." "సగమే ఉండేది. నేనే కలిపి గీశాను." పెయింటరు అద్దాలు తీసి, నన్నూ చేతినీ మార్చి మార్చి చూశాడు. "చూడండమ్మా, మీ ఇష్టం గానీ, ఇలా వదిలేస్తే తెలియనివాళ్లు నేను పని చెడగొట్టాననుకుంటారు. నాలుగేళ్లు పోతే సగం గీత మరకలా కనపడుతుంది." "మరక కాదు," అన్నాను. "పువ్వే." చెప్పాల్సినదానికంటే రెండింతలు గట్టిగా చెప్పినట్టున్నాను, అతను అద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. అప్పుడు చెప్పాను పిచ్చుకకి. మెట్లు, మూడు సూదులు, సైకిలు గంట, వీపు వెనక చెయ్యి. చూసి ఏమీ అనని నాన్న. చెప్తున్నప్పుడు ఏమీ తరిగిపోయినట్టు అనిపించలేదు, అదే వింత, గిన్నెలోంచి గిన్నెలోకి వంచితే రెండూ నిండినట్టుంది. పిచ్చుక కప్పు వైపు చూస్తూ విన్నది. "మాకెప్పుడూ చెప్పలేదే." "మీరు నవ్వుతారని." "నవ్వేవాళ్లమే," అంది. కళ్ల చివర్ల నుంచి చెవుల్లోకి నీళ్లు కారాయి, రెండు చేతులూ ఖాళీ లేవు, నేనే తుడిచాను. "మరి పొద్దున పూర్తిగా ఎందుకు గీశావు?" దానికి నా దగ్గర మూడు జవాబులున్నాయి. "సగం నేను ఉంచుకుందామని," అన్నాను. తను తల తిప్పి నన్ను చూసింది, చాలాసేపు, నరం వెతికేటప్పుడు చేతిని చూసినట్టు.

పెయింటరు సబ్బునీళ్లలో తడిపిన దూది తీశాడు. "నేను తుడవనా?" అని అడిగాను. ఏమనుకున్నాడో, చేతొడుగులు ఇచ్చి, పచ్చిగా ఉంది మెత్తగా అన్నాడు. ఆ మాట నాకు చెప్పక్కర్లేదు. పై నుంచి కిందకి, ఒత్తకుండా, ఒక్కసారి తుడిచిన వైపు మళ్లీ తుడవకుండా. నల్ల గీతలు నిలిచాయి. తిరిగొచ్చే ఊదా గీత, నేను కరెంటు బిల్లు వెనక కల్పించిన గీత, దూదిలోకి వచ్చేసింది. అయిదు రేకులు, కొన దాకా వెళ్లి ఆగిన ఒక గీత, ఏడు చుక్కలు. చుట్టూ చర్మం ఎర్రగా వాచి ఉంది. బొటనవేలితో చూపుడువేలితో రెండు పక్కలా సాగదీశాను. ఈ చర్మానికి ఆ అవసరం లేదు, బిగువుగానే ఉంది, నా వేళ్లకే వేరేలా పట్టుకోవడం రాదు. పిచ్చుక మెడ ఎత్తి చూసుకుంది. చూసుకుని, కుడి చూపుడువేలు దానికి తగలకుండా, కొంచెం పైనే గాల్లో ఆపి, "ఇంతకీ ఏం పువ్వు వదినా ఇది?" అంది.

కింద బండి తాళం దొరికినట్టుంది, ఎవరో నవ్వుతున్నారు. దూది నా చేతిలోనే ఉంది.

"కనకాంబరం," అన్నాను.

"పోవే వదినా, కనకాంబరానికి ఇన్ని రేకులెక్కడివి? నాకు తెలీదనుకోకు."

"ఉండవు," అన్నాను. "రేపు పొద్దున ఫోన్ చేసి అడుగు. ఇంకోటి చెప్తాను."